గ్రీకు వేర్ల నోట్‌బుక్ పక్కన పెట్టండి, పదో తరగతి వ్యాకరణం బయటికి తీయండి

ప్రశ్న: నేను హైదరాబాద్‌లో ఒక కస్టమర్ సపోర్ట్ కంపెనీలో పనిచేస్తున్నాను. స్పానిష్ టీమ్‌లోకి మారితే జీతం పెరుగుతుందని ఎనిమిది నెలలుగా స్పానిష్ నేర్చుకుంటున్నాను. నవంబరులో దేలే బి-వన్ (స్పానిష్ వచ్చని సర్టిఫికెట్ ఇచ్చే మధ్యస్థాయి పరీక్ష) రాయాలి. "స్పానిష్‌కీ ఇంగ్లిష్‌కీ గ్రీకు వేర్లు ఒకటే, అవి పట్టుకుంటే మాటలన్నీ వాటంతటవే వచ్చేస్తాయి" అని ఒక సీనియర్ చెబితే నాలుగు వందల వేర్లు నోట్‌బుక్‌లో రాసుకున్నాను. మూడు నెలలైంది. వేర్లు గుర్తుండటం లేదు, మాటలు రావటం లేదు. ఇంగ్లిష్‌ని బట్టి ఊహించి మాట్లాడితే టీచర్‌గారు నవ్వుతున్నారు. 'ప్రొబ్లేమా' (సమస్య) ముందు మగమాటలకి పెట్టే 'ఎల్' బదులు ఆడమాటలకి పెట్టే 'లా' పెట్టి ప్రతి టెస్టులో మార్కు పోగొట్టుకుంటున్నాను. వేర్లు మానేయాలా? ఇంకొకటి, అంకుల్ అని అర్థం వచ్చే 'తియో' అనే మాటకి ఇంగ్లిష్‌లో చుట్టం ఎంత వెతికినా దొరకలేదు. టెన్షన్‌గా ఉంది.
ఒక పాఠకురాలు, నిజాంపేట

సమాధానం: మీ సీనియర్ చెప్పినదాంట్లో సగం నిజం. ఆ సగానికి నోట్‌బుక్ అక్కర్లేదు, మీకు వచ్చిన ఇంగ్లిష్ చాలు. మిగతా సగానికి నోట్‌బుక్ ఉన్నా లాభం లేదు. ఎందుకో చెప్పాలంటే మిమ్మల్ని ఒకసారి పదో తరగతి తెలుగు పేపరు దగ్గరికి తీసుకెళ్లాలి.

ప్రకృతి–వికృతి గుర్తుందా? ముఖం–మొగం, రాత్రి–రాతిరి, కార్యం–కర్జం, యాత్ర–జాతర. పుస్తకాల దారిన వచ్చిన సంస్కృతం మాట దాదాపు అలాగే ఉండిపోయింది. జనం నోట నలిగిన మాట అరిగి, రూపు మారి, ఒక్కోసారి అర్థం కూడా మార్చుకుంది. కాశీకి వెళితే యాత్ర, మేడారానికి వెళితే జాతర. రెండూ ఒకటేనంటే ఎవరూ ఒప్పుకోరు, కానీ పుట్టుక ఒకటే. స్పానిష్‌లో గ్రీకు మాటలు కూడా ఎక్కువగా ఈ రెండు దారుల్లోనే వచ్చాయి. వాటిని కలిపి ఒకే జాబితాలో రాసుకోవడమే మీ తిప్పలకి కారణం.

సులువైన దారి ముందు. ఫిలొసొఫీయా, తెలేఫొనో, తెయాత్రో, కీమికా (కెమిస్ట్రీ), మీతో (మిత్), రీత్మో (రిథమ్). ఇవన్నీ చదువుకున్నవాళ్లు పుస్తకాల్లోంచి తెచ్చుకున్న తత్సమాలు. ఇంగ్లిష్‌వాళ్లు కూడా అదే అలమరలోంచి తెచ్చుకున్నారు కాబట్టి మీకు వీటి అర్థం ఎవరూ చెప్పక్కర్లేదు. తేడా స్పెల్లింగ్‌లో ఉంది. ఇంగ్లిష్ ఇప్పటికీ గ్రీకు నగలన్నీ ఒంటి మీదే ఉంచుకుని తిరుగుతుంది. స్పానిష్ వాటిని తీసి బీరువాలో పెట్టేసింది. 1713లో మాద్రిద్‌లో రాయల్ అకాడమీ పెట్టాక వందేళ్లలోపు ఈ శుభ్రం చేసే పని దాదాపు పూర్తయింది. ఇంగ్లిష్‌లో పి-హెచ్ ఉంటే స్పానిష్‌లో ఎఫ్, టి-హెచ్ ఉంటే ఒట్టి టి, క అని పలికే సి-హెచ్ ఉంటే సి లేదా క్యు-యు, మాట మధ్యలో వై ఉంటే ఐ. అయిపోయింది. ఈ ఒక్క వాక్యం మీ నోట్‌బుక్‌లో సగం పేజీలకి సమానం.

వీటిలో మార్కులు పోయేది ఊనిక దగ్గర. 'బయాలజీ'లో మనం మొదట్లోనే నొక్కేస్తాం, 'బియొలొహీయా'లో 'హీ' మీద నొక్కాలి. 'తెలేఫొనో'లో 'లే' మీద. చెవితో వింటూ నేర్చుకుంటే వారంలో వచ్చేస్తుంది.

ఎస్ తర్వాత వెంటనే ఇంకో హల్లు ఉంటే స్పానిష్ నోరు మొరాయిస్తుంది, ముందు ఒక 'ఎ' పెట్టుకుంటుంది: ఎస్కువేలా, ఎస్ఫేరా, ఎస్తోమగో. మనకి ఇది వింతేం కాదు. మా అమ్మమ్మ 'ఇస్కూలు', 'ఇస్టీలు గ్లాసు' అనేది. పేక ముక్కల్లో ఇస్పేటు సంగతి చూడండి. గ్రీకులో 'స్పాతే' అంటే వెడల్పాటి పలక, ఆ తర్వాత వెడల్పాటి కత్తి. లాటిన్ మీదుగా అది స్పానిష్‌లో 'ఎస్పాదా', కత్తి. స్పెయిన్ పేకలో ఇప్పటికీ ఒక రంగు పేరు ఎస్పాదాస్, ముక్క మీద నిజంగానే కత్తుల బొమ్మలుంటాయి. ఇంగ్లిష్ పేకలోని 'స్పేడ్' కూడా ఈ కత్తే, తోటపని పారకీ దానికీ ముడిపెట్టకండి. వంటింట్లో దోశ తిప్పే 'స్పాచులా' దాని చిన్న చెల్లెలు. మీరు వచ్చే పండక్కి ఇస్పేటు రాణి విసిరేటప్పుడు 'ఎస్పాదా' గుర్తొస్తే చాలు, జన్మలో మరిచిపోరు.

ఇక మీ 'ప్రొబ్లేమా'. ఆతో ముగిసిన మాటలు ఆడవి అని మొదటి వారంలోనే చెబుతారు, రెండో వారంలో 'ఎల్ ప్రొబ్లేమా' వచ్చి నెత్తిన కూర్చుంటుంది. ఎల్ సిస్తేమా, ఎల్ తేమా, ఎల్ క్లీమా, ఎల్ ఇదియోమా, ఎల్ ప్రొగ్రామా, అన్నీ అంతే. గ్రీకులో ఈ 'మ' చివరి మాటలు నపుంసక లింగం. లాటిన్‌లోకి వచ్చినప్పుడూ నపుంసకమే. స్పానిష్ నామవాచకాల్లో నపుంసకం లేకుండా పోయింది కాబట్టి పుస్తకాల మీదుగా వచ్చిన ఈ గుంపంతా మగవాళ్ల వరసలో కూర్చుంది.

తెలుగువాళ్లకి దీన్ని గుర్తుపెట్టుకోవడానికి ఇంకో దారి ఉంది. గ్రీకులో ఆ చివరి 'మ', సంస్కృతంలో కర్మ, జన్మ, నామ మాటల చివర ఉన్న 'మ' ఒకే ప్రత్యయం. ఒక భాష ఇంకో భాష నుంచి అప్పు తెచ్చుకున్నది కూడా కాదు, ఇద్దరికీ పూర్వికుల ఆస్తిగా వచ్చింది. సంస్కృతంలో కర్మ, జన్మ, నామ కూడా నపుంసకాలే. నా దగ్గర చదువుకున్న ఒకబ్బాయి 'నా కర్మ, ఎల్ ప్రొబ్లేమా' అని బల్ల మీద రాసుకున్నాడు. ఆ తర్వాత తప్పు రాయలేదు.

పరీక్ష హాల్లో పనికొచ్చే చిట్కా కూడా చెబుతాను. మాటకి ఇంగ్లిష్‌లో 'మాటిక్' చివర గల రూపం ఉందేమో చూడండి. ప్రాబ్లమాటిక్, సిస్టమాటిక్, ఇడియమాటిక్, డ్రమాటిక్, క్లైమాటిక్, ఎనిగ్మాటిక్. ఉంటే 'ఎల్' పెట్టేయండి. గ్రీకులో ఈ మాటలకి విభక్తి చేర్చేటప్పుడు లోపల దాక్కున్న 'త' బయటికొచ్చేది, ఆ త ఇంగ్లిష్‌లో ఇంకా బతికే ఉంది. కామా అంటే మంచం, రామా అంటే చెట్టుకొమ్మ, ఫామా అంటే పేరుప్రఖ్యాతులు. వీటికి 'మాటిక్' లేదు, గ్రీకు నుంచి వచ్చిన 'మ'లూ కావు, హాయిగా 'లా' పెట్టుకోవచ్చు. చిట్కాకి లొంగనిది ఒకటుంది: కఫానికి 'ఫ్లేమా', ఇంగ్లిష్‌లో ఫ్లెగ్మాటిక్ ఉన్నా అది 'లా'యే. ఇంకోటి ఆస్తమా. స్పానిష్‌లో అది స్త్రీలింగమే, కానీ మొదటి అక్షరం మీద ఊనిక పడే 'ఆ' కాబట్టి ముందు మాత్రం 'ఎల్' వస్తుంది, 'ఎల్ అగ్వా' లాగా. ఈ రెండూ విడిగా రాసుకోండి.

ఇప్పుడు కష్టమైన దారి, నాకు ఇష్టమైనది కూడా. రోమన్ సిపాయిలు, వర్తకులు, తర్వాత క్రైస్తవ బోధకులు నోటితో మోసుకొచ్చిన మాటలు ఇవి. వీటిలో గ్రీకు వేరు కంటికి కనపడదు.

'బొదేగా' తీసుకుందాం. గ్రీకులో 'అపొతేకే' అంటే సరుకు దాచే గిడ్డంగి. లాటిన్‌లో 'అపొతేకా'. దాన్ని పైకి నాలుగుసార్లు చదివి, తర్వాత బొదేగా అనండి. మొదటి అ రాలిపోయింది. ప బ అయింది, త ద అయింది, క గ అయింది. ఎక్కడో విన్నట్టుందా? పరుషాలకి సరళాలు ఆదేశమవుతాయి, కచటతపలకి గజడదబలు. పూచెను గలువలు! మన సరళాదేశ సంధిలో ద్రుతం తర్వాత జరిగేది స్పానిష్‌లో రెండు అచ్చుల మధ్య జరిగింది. కారణాలు వేరే, ఫలితం ఒకటే. ఇది తెలిస్తే చాలా మాటల ముసుగు తొలగిపోతుంది. ఒక్కొక్కరు, ప్రతి అనే అర్థంలో స్పానిష్‌లో రోజుకి వందసార్లు వాడే 'కాదా' ఉంది చూశారూ, అది గ్రీకు 'కతా'. త ద అయింది, అంతే. ఇంగ్లిష్‌లో 'క్యాటలాగ్' మొదట్లో కూర్చున్నది అదే 'కతా'. బిషప్‌ని 'ఒబీస్పో' అంటారు, గ్రీకులో 'ఎపీస్కొపొస్', పైనుంచి చూసుకునేవాడు. ఇటు ఇంగ్లిష్‌లోనూ అటు స్పానిష్‌లోనూ ప బ అయింది.

బొదేగా దగ్గరే ఇంకాసేపు ఉంటాను, ఆ ఇంట్లో జనం ఎక్కువ. స్పెయిన్‌లో బొదేగా అంటే వైన్ నిల్వచేసే చోటు. న్యూయార్క్‌లో ఉన్న మనవాళ్లకి వీధి మలుపులో పాలూ బ్రెడ్డూ దొరికే చిన్న కొట్టు. అదే అపొతేకే ఇంకో దారిన 'బొతీకా' అయింది, మందుల షాపుకి పాతకాలపు మాట. ఫ్రెంచ్‌వాళ్ల చేతిలో పడి 'బుతీక్' అయి, ఇంగ్లిష్ మీదుగా మన అమీర్‌పేటలో బ్లౌజులు కుట్టే బొటిక్ అయి కూర్చుంది. ఇంగ్లిష్‌లో పాతకాలం మందులవాణ్ణి 'అపోతికరీ' అంటారు. మందుల కొట్టు, వైన్ గిడ్డంగి, బ్లౌజుల షాపు ఒకే తల్లి పిల్లలు. 'తేకే' అంటే సామాను పెట్టే చోటు. పుస్తకాలు పెడితే బిబ్లియొతేకా, పాటల రికార్డులు పెడితే దిస్కొతేకా. కింద పెడితే 'ఇపొతేకా', అంటే తాకట్టు, స్పెయిన్‌లో ఇంటి లోన్. లోన్ మీద కారు కొంటే ఆర్‌సీ మీద హైపోథికేషన్ అని రాస్తారు చూడండి, అదే మాట. ఈ తేకేలోని 'తే' మన 'నిధి'లోని 'ధా' ధాతువుకి తోబుట్టువు. పెట్టడం, ఉంచడం అనే అర్థం రెండిటికీ ఉంది.

'పలాబ్రా' అంటే మాట. గ్రీకు 'పరబొలే' నుంచి వచ్చింది. పక్కన వేయడం, అంటే ఒకదాని పక్కన ఇంకోటి పెట్టి పోల్చి చెప్పడం. ఏసు చెప్పిన ఉపమానాలని బైబిల్ ఆ పేరుతోనే పిలిచింది. చర్చిలో రోజూ విని విని జనానికి ఉపమానం కాస్తా 'మాట' అయిపోయింది. ర, ల తమ స్థానాలు మార్చుకుని పరాబ్లా పలాబ్రా అయింది. ఈ అలవాటు స్పానిష్‌కి ఇంకా ఉంది: ఇంగ్లిష్ మిరకిల్ అక్కడ 'మిలాగ్రో', పెరిల్ 'పెలీగ్రో', వీటి మూలాలు లాటినే అయినా తారుమారు మాత్రం అదే. పలాబ్రాకి ఇంగ్లిష్‌లో చుట్టాలెవరనుకున్నారు? పెరాబుల్, లెక్కల్లో పెరాబోలా, పెరోల్ మీద బయటికొచ్చే ఖైదీ, ఇంకా మన పార్లమెంట్. ఒక్కటీ చూడగానే గుర్తుపట్టేలా లేదు కదా. అందుకే అన్నాను, నోటి మాటలకి వేర్ల జాబితా దారి చూపదని. ముందు మాట నేర్చుకోవాలి, చుట్టరికం తర్వాత కథలా చెప్పుకోవాలి.

'గోల్పే' అంటే దెబ్బ. గ్రీకులో 'కొలఫోస్', చెంపదెబ్బ. ఫ్రెంచ్‌లో అదే నలిగి 'కూ' అయింది, అక్కడినుంచి ఇంగ్లిష్ పేపర్లలో సైనిక తిరుగుబాటుకి 'కూ'. చిలీవాళ్లు 1973 సెప్టెంబరు 11 గురించి మాట్లాడేటప్పుడు ఒట్టి 'ఎల్ గోల్పే' అంటారు, అందరికీ అర్థమవుతుంది. మీరు బిర్యానీ ఆర్డర్‌లో కొట్టే కూపన్ కూడా ఆ చెంపదెబ్బ మునిమనవడే. మీ ఆఫీసులో సర్వర్ల టీమ్‌వాళ్లు కుబర్‌నెటీస్ అంటుంటారు కదా, గ్రీకులో ఓడ చుక్కాని పట్టేవాడు. చుక్కాని పట్టడమే లాటిన్‌లో గుబెర్నారె, స్పానిష్‌లో 'గొబెర్నార్', ఇంగ్లిష్‌లో గవర్న్. 'సైబర్' కూడా ఆ ఓడలో దిగినదే.

టీచర్‌గారు నవ్వే విషయానికొద్దాం. అది తత్సమాల గుంపులో పొంచి ఉన్న ప్రమాదం. రూపం ఒకటే, అర్థం పక్కకి జరిగింది. నాదొకటి చెబుతాను. నేర్చుకునే రోజుల్లో ఒక క్లాసు ఎగ్గొట్టి, మర్యాదగా క్షమాపణ చెబుదామని మా సార్‌కి మెయిల్‌లో 'మి అపొలొహీయా' అని రాశాను. "మీ మీద కేసెవరు పెట్టారు?" అని జవాబొచ్చింది. గ్రీకులో అపొలొగియా అంటే కోర్టులో తన పక్షాన చెప్పుకునే వాదన. క్రీ.పూ. 399లో సోక్రటీస్ చేసింది అదే, క్షమాపణ ఒక్క ముక్క కూడా అడగలేదు. స్పానిష్ ఆ పాత అర్థానికి దగ్గరగానే ఉండిపోయింది, దారి తప్పింది ఇంగ్లిష్. క్షమాపణకి 'దిస్కూల్పా' అనాలి.

మీ ఉద్యోగంలో ఇలాంటివి మరీ జాగ్రత్త. 'తోపికో' అంటే చర్చించే విషయం కాదు, అరిగిపోయిన మాట, అందరూ అనే పాచి మాట. కస్టమర్ చెప్పిన సమస్యని మీరు తోపికో అంటే ఫోన్ పెట్టేస్తారు. విషయానికి 'తేమా'. చర్మానికి రాసే ట్యూబు మీద 'టాపికల్' అని ఉంటుంది చూడండి, ఆ అర్థం మాత్రం రెండు భాషల్లోనూ ఉంది. 'సింపాతికో' అంటే జాలిపడేవాడు కాదు, కలుపుగోలు మనిషి. 'ఇదియోమా' అంటే నుడికారం కాదు, భాష. 'కార్తా' అంటే ఉత్తరం, హోటల్లో అయితే మెనూ. 'అగొనీయా' అంటే బాధ కాదు, ప్రాణం పోయే ఘడియ. నడుం నొప్పికి ఆ మాట వాడకండి, అవతలివాళ్లు అంబులెన్సు పిలుస్తారు.

ఇంకో రెండు దారులున్నాయి, పరీక్షకి అవసరం లేదు గానీ చెప్పకుండా ఉండలేను. 711 నుంచి 1492 దాకా స్పెయిన్‌లో ఎంతో కొంత భాగం ముస్లిం పాలకుల ఏలుబడిలో ఉంది, ఆ కాలంలో గ్రీకు మాటలు కొన్ని అరబ్బీ వేషంలో దిగాయి. గ్రీకు 'కితారా' అరబ్బీ మీదుగా 'గితార్రా' అయింది. బంగారం స్వచ్ఛతకి స్పానిష్‌లో 'కిలాతే' అంటారు, ఇంగ్లిష్‌లో క్యారెట్. మూలం గ్రీకు 'కెరాతియొన్', ఒక చెట్టు కాయలోని చిన్న గింజ, దాంతో తూకం వేసేవాళ్లు. మన కంసాలులు గురివింద గింజతో తూచినట్టు.

నాలుగో దారి మన ఇంటికే వచ్చింది. కేంద్రం అనే మాట గ్రీకు 'కెంత్రొన్', జ్యోతిషంతోపాటు సంస్కృతంలోకి వచ్చింది. స్పానిష్‌లో 'సెంత్రో', ఇంగ్లిష్‌లో సెంటర్. పంచాంగంలో శుక్ర హోర, గురు హోర అంటాం కదా, ఆ హోర కూడా గ్రీకే. స్పానిష్‌లో 'ఓరా' అంటే గంట, రాసేటప్పుడు హెచ్ ఉంటుంది, పలకరు. 'ఇప్పుడు' అనడానికి 'ఆఓరా', తొందరగా అంటే మన 'ఔరా'లాగే వినిపిస్తుంది. సొరంగం గ్రీకు 'సీరింక్స్' నుంచి వచ్చిందని చాలామంది పండితులు ఒప్పుకుంటారు, బోలు గొట్టం అని అర్థం. స్పానిష్‌లో 'హెరింగా', ఇంగ్లిష్‌లో సిరంజి.

ఇక నవంబరు దాకా ఏం చేయాలి? ఆ నాలుగు వందల వేర్లు మళ్లీ తిరగేయకండి. నోట్‌బుక్ వెనకనుంచి మొదలుపెట్టి మూడు పేజీలు మాత్రం రాయండి. ఒకదాంట్లో 'ఎల్' పెట్టే 'మ' మాటలు ఇరవై. ఇంకోదాంట్లో మిమ్మల్ని మోసం చేసిన మాటలు, ప్రతి తప్పుకీ తేదీ వేసి. మూడోదాంట్లో వికృతులు, వేరు లేకుండా, ఆ మాటతో మీరు ఆఫీసులో నిజంగా అనబోయే ఒక వాక్యంతో. 'కాదా' కోసం 'ప్రతి కాల్‌కీ', 'పలాబ్రా' కోసం 'ఆ మాట మళ్లీ చెప్పండి'. తెలేఫొనో రకం మాటలకి పేజీ వద్దు, అవి చదువుతుంటే వాటంతటవే అంటుకుంటాయి.

మీ 'తియో' సంగతి. గ్రీకు 'థేయోస్', లాటిన్‌లో 'తియూస్', ఇటలీలో 'జియో', స్పెయిన్‌లో 'తియో'. ఇంగ్లిష్‌వాళ్లు అంకుల్, ఆంట్ లాటిన్‌లోని వేరే మాటల నుంచి తెచ్చుకున్నారు, అందుకే మీకు చుట్టం దొరకలేదు. వెతకడం ఆపేయండి, లేనివాణ్ణి ఎక్కడ పట్టుకొస్తారు? పెదనాన్న, బాబాయి, మేనమామ, అందరికీ అక్కడ ఒకటే తియో. స్పెయిన్ కుర్రాళ్లు స్నేహితుణ్ణి కూడా తియో అనే పిలుస్తారు, మన హైదరాబాద్ పిల్లలు 'ఏం మామా' అన్నట్టు. ఓరల్ టెస్టులో ఎగ్జామినర్ ఎంత సింపాతికోగా కనపడినా ఆయన్ని మాత్రం అలా పిలవకండి.